మొక్కుబడి పేర్లు

ధర్మవరంలో రైలెక్కి పెనుకొండ మీదుగా హిందూపురం పోయే దారిలో, రెండు మూడు తరాల కిందట, స్టేషన్ బోర్డు చదవలేని మనిషికి కూడా తోటి ప్రయాణికుల పేర్లు వింటే ఎక్కడిదాకా వచ్చామో అంచనా దొరికేది. ధర్మవరం పక్క చెన్నకేశవులు, ఓబులేసు, నరసింహులు, చౌడమ్మ. పెనుకొండ దగ్గర పడేకొద్దీ బాబయ్య, ఫకీరప్ప, తిమ్మక్క. హిందూపురం దాటి మడకశిర వైపు మళ్లితే హనుమంతరాయప్ప, రంగప్ప, ఈరన్న, సిద్దప్ప, నంజుండప్ప. కోస్తాలో నరసయ్య అయిన దేవుడు ఈ సీమలోకి వచ్చి నరసన్న అయ్యేవాడు, కన్నడ సరిహద్దుకు పోయేసరికి నరసింహప్ప అయ్యేవాడు. ఇప్పుడు అదే దారిలో ఏ బడికి పోయి హాజరుపట్టీ తెరిచినా జశ్విక, మోక్షిత, రిత్విక్, లోహిత్. ఈ పేర్లలో తప్పేమీ లేదు, పలకడానికీ బాగుంటాయి. శ్రీకాకుళంలోనైనా, హైదరాబాదులోనైనా, అమెరికాలోనైనా ఇవే పేర్లు. బిడ్డ ఏ ఊరిదో, ఏ గుడి గడప తొక్కిన ఇంటిదో, ఏ అవ్వకు మనవరాలో ఆ పేరు చెప్పదు. పేర్లు మారడం వింత కాదు. పేరు చేసే పని మారిపోయింది, అదీ ఇక్కడి సంగతి.

పేరుకు అర్థమేమిటని అడగడం ఈ నేల మీద కొత్త అలవాటు. పాత ప్రశ్న వేరు: ‘ఎవరి పేరు పెట్టినారు?’ ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఉన్న దూరమే ఒక జీవన పద్ధతి పోయి ఇంకొకటి వచ్చిన దూరం. అర్థం అడిగేవాడు నిఘంటువు చూస్తాడు, లేదా ఫోనులో వెతుకుతాడు. ఎవరి పేరని అడిగేవాడికి జవాబుగా ఒక మనిషో, దేవుడో, సమాధో కావాలి. పాత పద్ధతిలో పేరంటే ఒక బాకీ ఒప్పుకోలు. బిడ్డ పుట్టిందంటే ఎవరో ఇచ్చారని లెక్క. ఇచ్చినవాడి పేరు బిడ్డకు పెడితే ఆ బాకీ బతికున్నన్నాళ్లూ నలుగురి నోటా చెల్లుతూ ఉంటుంది. కాబట్టి ఓబులేసు అనే మాటకు వ్యుత్పత్తి తెలియని తల్లికి కూడా ఆ పేరు ఎవరిదో బాగా తెలుసు. అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నది ఆమే గదా.

ఈ పేర్లలో దేవుడు ఊరికే దేవుడు కాదు, చిరునామా ఉన్న దేవుడు. కదిరప్ప అంటే కదిరి నరసింహుడు, నెట్టికంటయ్య అంటే కసాపురం ఆంజనేయుడు, పెన్నోబులేసు అంటే ఉరవకొండ దగ్గరి పెన్నహోబిలం. చెన్నకేశవులు ధర్మవరం గుడి తాలూకు. అదే ఊళ్లో మగ్గాల ఇళ్లలో తొగట వారికి కులదేవత చౌడేశ్వరి గనుక చౌడప్పలు, చౌడమ్మలు, పద్మశాలీలకు మార్కండేయులు. గొర్రెల మందల వెంట తిరిగే కురుబలకు బీరప్ప. ఊరి పొలిమేరలో ఉండే అమ్మవార్లు కూడా మగపిల్లలకు పేర్లిచ్చారు: మారెమ్మ వల్ల మారెన్న, సుంకులమ్మ వల్ల సుంకన్న, ముత్యాలమ్మ వల్ల ముత్యాలప్ప. ఇది ఒక్క అనంతపురం సీమ పద్ధతే అనుకోనక్కరలేదు. అప్పలస్వామి అంటే సింహాచలం, యాదగిరి అంటే యాదగిరిగుట్ట, సమ్మయ్య అంటే మేడారం అని ఇప్పటికీ చెప్పగలం. కాకపోతే ఇక్కడ దీనికి రాతి సాక్ష్యం ఉంది. పెనుకొండ కోట శాసనం 1354లో బుక్కరాయలు ఈ రాజ్యభాగాన్ని కొడుకు వీర విరుపణ్ణ ఒడెయరుకు అప్పగించాడని చెబుతుంది. సుమారు 180 ఏళ్ల తర్వాత, అచ్యుతరాయల కాలంలో, లేపాక్షి వీరభద్రాలయాన్ని కట్టించిన అధికారి పేరూ విరుపణ్ణే, తమ్ముడు వీరణ్ణ. హంపి విరూపాక్షుడు ఒక రాజకుమారుడికీ, లక్కిశెట్టి కొడుకైన ఈ అధికారికీ ఒకే పేరిచ్చాడు. వాడుకనోటికి తగినట్టు చివర ‘అణ్ణ’ చేరింది. పేరు మోసిన దేవుడి పూర్తి సంస్కృత నామం గుడిలో ఉండిపోయేది, మనుషుల మధ్యకు చుట్టరికం తగిలించుకొని వచ్చేది.

బాకీ లెక్క కాబట్టే ఈ పద్ధతికి మతం అడ్డు రాలేదు. పెనుకొండలో బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది. తిరుచిరాపల్లి నత్తర్ వలీ శిష్యుడాయన. చుట్టుపక్కల పల్లెల వాళ్లకు ఆయన పెనుకొండ బాబయ్య. అక్కడ మొక్కుకుని బిడ్డను కన్న హిందూ ఇంట్లో ఆ బిడ్డ బాబయ్యో ఫకీరప్పో అయ్యేవాడు, వాడి తమ్ముడు నరసింహులు అయ్యేవాడు. అన్నదమ్ముల పేర్లలో ఏదో పొసగలేదని ఎవరికీ తోచేది కాదు, ఎవరి బాకీ వాళ్లది. నార్పల మండలం గూగూడులో పీర్ల పండగకు కుళ్లాయిస్వామిని చూడటానికి వచ్చే జనంలో ఎక్కువమంది హిందువులే. అనంతపురం జిల్లాలో కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ, కుళ్లాయిరెడ్డి అనే పేర్లన్నీ ఆ పీర్ల గుండం దగ్గర పుట్టినవే. అన్నిటికంటే గట్టి సాక్ష్యం మన్రోలప్ప. దత్తమండలానికి 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైతుల దగ్గర తెచ్చుకున్న మంచిపేరు చివరికి పిల్లల పేరై కూర్చుంది. స్కాట్లండు దొరకు ‘అప్ప’ తగిలించి సీమ పల్లెలు మన్రోలప్ప అని పిలుచుకున్నాయి. ఆ మాటకు అర్థం వెతకబోతే ఏమీ లేదు. ఎవరి పేరంటే మాత్రం వెంటనే జవాబుంది.

ఇక పేరు ఎలా తేలేదో దగ్గరగా చూస్తే ఈ బాకీ ఎంత నిక్కచ్చి వ్యవహారమో అర్థమవుతుంది. బ్రాహ్మణ, వైశ్య ఇళ్లలో నక్షత్రాన్ని బట్టి అక్షరం చెప్పేవారు. అశ్విని అయితే చు, చే, చో, ల. మిగతా ఇళ్లలో బిడ్డకు పుట్టెంటికలు తీసేదాకా పేరు ఖాయం కాకపోవడం మామూలే. అప్పటిదాకా గుండోడు, చిన్నోడు, పాప. ఈలోగా బిడ్డ ఊరకే ఏడ్చినా, పాలు తాగకపోయినా సోది చెప్పే ఎరుకలమ్మను పిలిపించేవారు. ఆమె గద్దె ముందు కూర్చొని, చేటలో బియ్యం పోయించుకొని, ఇంటి దేవుళ్లనూ పోయిన పెద్దలనూ ఒక్కొక్కరినే పిలిచి, చివరికి ఎవరు పేరు అడుగుతున్నారో చెప్పేది. ముత్తవ్వ అడిగిందంటే బిడ్డ ఆ సాయంత్రమే నాగమ్మ. ఇంతవరకు సులభం. చిక్కు తర్వాత వచ్చేది: కోడలు అత్తమామల పేర్లు పలకకూడదు. మామ పేరే కొడుక్కి పెట్టినప్పుడు కన్నతల్లి వాణ్ని పేరు పెట్టి పిలవలేదు, తిట్టడం అంతకన్నా కుదరదు. అందుకని పెద్దయ్య, జేజి, అబ్బయ్య లాంటి పిలుపుపేర్లు పుట్టాయి. రామప్ప కొడుకు లక్ష్మప్ప, లక్ష్మప్ప కొడుకు మళ్లీ రామప్ప. గ్రీసు దేశంలో మొదటి మనవడికి తాత పేరు పెట్టే ఆనవాయితీ ఇంకా ఉందంటారు గానీ, కన్నకొడుకును మామగారిలా చూసి మర్యాదగా పిలిచే తల్లి అక్కడ ఉంటుందో లేదో.

ఈ పద్ధతిని తలచుకొని మురిసిపోయేవాళ్లు సాధారణంగా దాటేసే భాగం ఒకటుంది. పెంటమ్మ, పిచ్చమ్మ, పుల్లయ్య, తిప్పన్న లాంటి పేర్లు. ముందు పుట్టిన పిల్లలు వరసగా పోయిన ఇంట్లో, ఈసారి పుట్టిన బిడ్డను దిబ్బ మీద పెట్టి, ఎవరో పారేసిన బిడ్డను ఎత్తుకొచ్చుకున్నట్టు తెచ్చుకొని, ముక్కు కుట్టించి, ఎవరూ కోరుకోని పేరు పెట్టేవారు. మృత్యువు కూడా ఛీ అని వదిలేస్తుందని ఆశ. తమిళుల కుప్పుసామి, పిచ్చై కూడా ఈ భయంలోంచి వచ్చినవే. తిప్పన్నల్లో కొందరు చిత్రదుర్గం జిల్లా నాయకనహట్టి తిప్పేరుద్రస్వామి భక్తుల పిల్లలు, కొందరు నిజంగానే దిబ్బ మీద నుంచి వచ్చినవాళ్లు. పేరు చూసి ఎవరెవరో విడదీయలేం. ఈ పేర్లు పోయినందుకు నేనైతే విచారించను. 1971లో ఈ దేశంలో వెయ్యి మంది పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు; 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. పెంటయ్య అనే పేరును తీసేసింది నాగరికత కాదు, టీకాలు, కాన్పు ఆసుపత్రులు. తీయవలసిన పేరే. అయితే ఇది కూడా నా వాదానికి అడ్డు కాదు, ఆసరాయే: బాకీ మోయవలసిన భయం తగ్గినచోట బాకీ పేరూ తగ్గింది.

ఇవన్నీ మోటు పేర్లని, చదువు వచ్చాక జనం శుభ్రమైన సంస్కృతం పేర్లకు మారడం సహజమని ఒక మాట వినిపిస్తుంది. ఇది నిలిచే మాట కాదు. కృష్ణదేవరాయల కొలువుతో ముడిపెట్టి మనం చెప్పుకునే కవుల వరస తీసుకోండి: పెద్దన, తిమ్మన, మల్లన, సూరన. వాళ్లకు ముందు తిక్కన, ఎర్రన, పోతన, సోమన. సంస్కృతం కరతలామలకంగా ఉన్నవాళ్లు, ప్రబంధ నాయికలకు ఎన్నడూ వినని పేర్లు పెట్టగలిగినవాళ్లు, తమ మట్టుకు మడకపట్టే మనిషి పేరే పెట్టుకొని తిరిగారు. రాయల మంత్రి తిమ్మరుసు పేరులో ఉన్న తిమ్మడు తిరుమల వెంకటేశ్వరుడే. ఆయన కడపటి రోజులు పెనుకొండ చెరలో గడిచాయని స్థలపురాణం. కదిరి పక్కన మర్రిమాను తిమ్మమ్మా ఆ పేరు మనిషే, ఆ చెట్టు కింద సంతానం కోసం మొక్కుకోవడం ఇప్పటికీ ఉంది. మహామంత్రికీ, సతి అయిన పల్లె ఆడమనిషికీ ఒకే పేరు చాలిన కాలంలో చదువుకు లోటేమీ లేదు. పేరును చూసి మనిషి చదువును కొలిచే అలవాటే లేదు, అది తర్వాత వచ్చింది.

దీనికంటే బలమైన అభ్యంతరం కులం వైపు నుంచి వస్తుంది, దాన్ని తేలిగ్గా తోసేయలేం. పెద్దింటి పిల్లవాడు ఓబన్న, ఓబుల్‌రెడ్డి అయితే మాలమాదిగ వాడల్లో అదే అహోబిలం స్వామి ఓబిగాడు అయ్యేవాడు. కాగితాల్లో కూడా ‘గాడు’ అనే రాసేవారు. అక్కడ ఆడమనిషి ఓబక్క కాదు, ఓబి. అన్న, అప్ప, అక్క అనే చుట్టరికాలు పేరు చివర చేరడం అందరికీ దక్కిన మర్యాద కాదన్నమాట. అలాంటి పేరును భుజాన మోసిన కుటుంబం కొడుక్కి సిద్ధార్థ అని పెట్టుకుంటే, పాత పేరు పోయిందని ఏడ్చే హక్కు మిగతావాళ్లకు లేదు. ఒప్పుకుంటాను. కానీ ఆ వాడలు మొదట వదిలించుకున్నప్పుడు ఏ పేర్లు తెచ్చుకున్నాయో చూడండి. క్రైస్తవంలోకి పోయినవాళ్లు దేవదానం, యేసురత్నం అని పెట్టుకున్నారు. తర్వాతి తరంలో అంబేడ్కర్, భీమ్‌రావు వచ్చారు. ఇవి అందం కోసం ఏరుకున్న మాటలు కావు. ఎవరివల్ల తల ఎత్తామో వాళ్ల పేర్లు. ఓబులేసుకు మొక్కిన చేతులే మొక్కు మార్చుకున్నాయి. పాత పద్ధతిలో కుళ్లు ఎక్కడుందంటే పేరులో కాదు, దాన్ని కత్తిరించి పిలిచే నోటిలో. ఆ నోటిని కాదని లేచినవాళ్లు పద్ధతిని మాత్రం నిలుపుకున్నారు.

అసౌకర్యం గురించి అనేవాళ్లూ ఉన్నారు. ఊరికి పదిమంది నరసింహులు ఉంటే ఎట్లా? అప్పట్లో దీనికి తడుముకోకుండా జవాబుండేది: పెద్దోబన్న, నడిపోబన్న, చిన్నోబన్న, మిట్టింటి నరసింహులు, బావికాడి నరసింహులు. ఒకే ఇంట్లో కూడా ఒకే పేరు ఇద్దరికి పెట్టేవారు. పుట్టపర్తి రత్నాకరం కొండమరాజుకు ఇద్దరు కొడుకులు: పెద్ద వెంకమరాజు, చిన్న వెంకమరాజు. ఊరికి ఇబ్బంది కాలేదు, కాగితానికి అయింది. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు కిష్టప్పను కృష్ణమూర్తిగా, ఓబులేసును ఓబుళపతిగా దిద్దేవారు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. జాబ్‌కార్డులో నరసింహులు, బ్యాంకు పుస్తకంలో నరసింహప్ప, ఆధార్‌లో నరసింహ అయితే కూలి డబ్బు ఎవరిదో తేలేదాకా ఆగవలసిందే. ఆ ముగ్గురూ ఒకడేనని ఊరంతా ఎరుగుదురు, కంప్యూటరుకు తెలియదు. ఈ చిక్కు పడ్డ తండ్రి కొడుక్కి ఒకే మాటలో, ఒకే స్పెల్లింగులో ఇమిడే పేరు వెతికితే తప్పుపట్టలేం. బెంగళూరు హిందూపురానికి వంద కిలోమీటర్ల దూరం. అక్కడ ఉద్యోగానికి పోయే పిల్లలకు ఊరు చెప్పని పేరు కొంత మేలు కూడా. కులం మాత్రం దాగదు. ఇంటిపేరు ఉండనే ఉంది.

మరి సాయి సంగతేమిటని అడగవచ్చు. మొక్కు పేర్లు పోయాయంటున్నావు, ఏకంగా జిల్లాకే 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి అని పేరు పెట్టారు గదా అని. 1926లో ఆ పెద్ద వెంకమరాజు ఇంట్లో పుట్టి, తర్వాత సత్యసాయి బాబా అయిన బిడ్డకు సత్యనారాయణ అని పెట్టడం వెనుక తల్లి చేసుకున్న సత్యనారాయణ వ్రతం ఉంది. అది నికరమైన మొక్కు పేరు. ఆ తర్వాత ఆయన పేరు మీద పుట్టపర్తి చుట్టూ పెట్టిన సత్యసాయిలు కూడా అంతే. కానీ సాయి చరణ్, సాయి తేజ, సాయి వర్షిత అని దేశమంతా ఏ పేరుకైనా ముందు అతుక్కుంటున్న సాయిలో మొక్కెంత, వరసెంత? అడిగి చూస్తే చాలామంది ‘పిలవడానికి బాగుంటుందని’ అంటారు. బాకీ మరిచిపోయాక మిగిలిన చీటీ లాంటిదది. దీని పక్కన 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకరైన నీలం సంజీవరెడ్డి పేరు పెట్టి చూడండి. తండ్రి చిన్నప్పరెడ్డి, కొడుకు సంజీవ. సంజీవరాయుడంటే ఈ సీమలో పర్వతం ఎత్తుకొచ్చిన ఆంజనేయుడని విడమరచి చెప్పే పని ఉండేది కాదు. అదే హిందూపురం 1985 నుంచి మూడుసార్లు ఎన్టీ రామారావును శాసనసభకు పంపింది. రామారావులు, తారకరాములు కొందరు పుట్టారు. వాళ్లను మన్రోలప్ప వరసలో వేయవచ్చు. బహుశా ఆ వరసలో చివరివాళ్లు.

పేర్లు అన్నీ ఒక్కసారిగా పోవడం లేదు, పోవడానికో క్రమం ఉంది. దిబ్బ పేర్లు మొదట పోయాయి. పొలిమేర అమ్మవార్ల పేర్లు తర్వాత. మారెన్న, సుంకన్న ఇప్పుడు యాభై దాటినవాళ్లే. హిందువుల ఇళ్లలో బాబయ్య, కుళ్లాయప్ప తగ్గడం ఒట్టి ఫ్యాషన్ వల్లనే అని నేననుకోను. పేరు వినగానే ఏ మతమని అడిగే రోజులు వచ్చాయి, ప్రతిసారీ వివరణ ఇచ్చుకునే పేరు పెట్టడానికి ఎవరూ ఇష్టపడరు. నరసింహుడికి మాత్రం ఆ చిక్కు లేదు కాబట్టి ఏదో రూపంలో ఉంటాడు. విరుపణ్ణ ఎప్పుడో పోయాడు గానీ, 2023లో ‘విరూపాక్ష’ అని సినిమా వచ్చాక ఆ పేరు మళ్లీ ఎక్కడైనా పెడితే పెట్టవచ్చు, హంపి ప్రసక్తి లేకుండా. మొక్కులకైతే కొరత రాలేదు. గూగూడు గుండం చుట్టూ జనం తగ్గలేదు, కదిరి తేరుకూ తగ్గలేదు, పెనుకొండ ఉరుసుకూ తగ్గలేదు. బిడ్డ కోసం ఇప్పటికీ అడుగుతారు, పుట్టాక తీసుకొచ్చి చూపిస్తారు కూడా. తలనీలాలు ఇస్తారు, చక్కెర చదివింపులు చేయిస్తారు, హుండీలో నోట్లు వేస్తారు. బిడ్డ పేరు మాత్రం అంతకు నెల ముందే ఆసుపత్రి నుంచి పంచాయతీకి వెళ్లి, జనన ధ్రువపత్రంలోకి ఎక్కి ఉంటుంది.